గుణింతంలో ద్విబంధం

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ పట్టణ చరిత్రను ఆ కొలిమితో మొదలుపెట్టడం ఆనవాయితీ. భాష దృష్టితో చూసేవారికి మాత్రం కొలిమి కంటె కోక్ ఓవెన్లు ఎక్కువ ఆసక్తికరమైనవి. గాలి తగలకుండా, వెయ్యి డిగ్రీల వేడిలో, గంటల తరబడి బొగ్గును మగ్గబెట్టి కోక్‌గా మార్చే గదులవి. బొగ్గు కోక్ అవుతున్నప్పుడు వెలువడే వాయువులో తారు, అమ్మోనియా, బెంజాల్ కలిసి ఉంటాయి. అమ్మోనియాను గంధకికామ్లంతో కలిపి అమ్మోనియం సల్ఫేట్ ఎరువు చేస్తారు. బెంజాల్‌ను ఒక నూనెలోకి పీల్చి, తిరిగి వేరుచేసి, బెంజీన్, టోలీన్, జైలీన్‌లుగా విడదీస్తారు. తారును మరిగించి, మరుగు స్థానాలను బట్టి తేలిక నూనె, మధ్యమ నూనె, క్రియోసోట్ నూనె, ఆంథ్రసీన్ నూనె అని భాగాలు చేస్తారు. అడుగున మిగిలే నల్లని ముద్దకు పిచ్ అని పేరు.

రాయపూరు–విజయనగరం రైలు మార్గం మధ్యభారతాన్ని ఆంధ్ర తీరంతో కలిపింది. ఉపాధి వెతుక్కుంటూ భిలాయికి చేరి, అక్కడి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. కర్మాగారంలో పనిచేసిన తరానికి బెంజాల్, క్రియోసోట్, పిచ్ అన్నవి పని పేర్లు. గొట్టంలో ఏది పారుతుందో, డ్రమ్ములో ఏది నిండిందో ఆ పేరు చెబుతుంది. వారి పిల్లలకు అవే పదార్థాలు పాఠ్యపుస్తకంలో మరో వేషంలో ఎదురవుతాయి. అక్కడ నాఫ్తలీన్ ఒక వస్తువు కాక ఒక నిర్మాణం. తెలుగు ఇంట్లో బట్టల పెట్టెలో అదే కలరా ఉండ. ఒకే పదార్థానికి మూడు భాషలు: పనిచేసే చోటి భాష, ఇంటి భాష, శాస్త్ర భాష. వీటిలో మూడవది తెలుగు లిపిలోకి వచ్చినప్పుడు ఏమి నిలిచింది, ఏమి జారిపోయింది అన్నది సాహిత్య విమర్శకు సంబంధించని ప్రశ్నగా మనం చాలాకాలం భావించాం. అది భాషకు సంబంధించిన ప్రశ్న గనుక విమర్శకుడు కూడా దానిని పట్టించుకోక తప్పదు.

పేర్ల పుట్టుక నుంచి మొదలుపెడదాం. బెంజీన్‌ను 1825లో లండన్‌లో మైకేల్ ఫారడే, దీపాలు వెలిగించే గ్యాస్ తాలూకు నూనె మడ్డి నుంచి వేరుచేశాడు. కొన్నేళ్లకు జర్మనీలో మిచెర్లిక్ అదే ద్రవాన్ని బెంజోయిక్ ఆమ్లం నుంచి తయారుచేసి బెంజిన్ అన్నాడు. ఆ పేరు నచ్చక లీబిగ్ దానిని బెంజాల్‌గా మార్చాడు. జర్మన్, రష్యన్ భాషలలో ఇప్పటికీ బెంజీన్‌కు బెంజాల్ అనే పేరు; ఆ రెండు భాషల్లోనూ బెంజిన్ అంటే మోటారు వాహనంలో పోసే పెట్రోలు. ఇంతకూ బెంజోయిక్ ఆమ్లం ఎక్కడిది? బెంజోయిన్ అనే చెట్టు బంక నుంచి. ఆ మాటకు మూలం జావా ధూపం అని అర్థమిచ్చే అరబ్బీ పదబంధం. ఆ బంకను మనం సాంబ్రాణి అంటాం. అంటే భిలాయిలో బొగ్గు నుంచి వచ్చే బెంజాల్ పేరులో, ఎవరూ గమనించకపోయినా, దేవుడి గది వాసన ఉంది. టోలీన్‌కు పేరిచ్చినది కొలంబియాలోని టోలూ పట్టణం పేరుమీద ప్రసిద్ధమైన సుగంధ బంక. స్టైరీన్‌కు పేరిచ్చిన స్టొరాక్స్‌ను మన వైద్య గ్రంథాలు శిలారసం అంటాయి. ఈ కుటుంబానికంతటికీ ఆరోమాటిక్, అంటే సుగంధభరితం, అని పేరు నిలిచినది ఇందుకే. తరువాత దొరికిన సభ్యులలో చాలాభాగం ముక్కు మూసుకోవలసినవే అయినా ఆ పేరు మారలేదు.

ఈ పేర్లు కావ్యంలో పేర్ల వంటివి. ఎక్కడ దొరికింది, ఎలా వాసన వేసింది, ఎవరు చూశారు అన్న కథ చెబుతాయి. లోపల ఏముందో చెప్పవు. చెప్పే అవకాశం 1865 దాకా లేదు. బెంజీన్‌లో ఆరు కార్బన్ పరమాణువులు ఒక వలయంగా చేతులు కలిపి నిలుస్తాయని కెకూలే ఆ ఏడు ప్రతిపాదించాడు. కార్బన్‌కు నాలుగు చేతులు. పక్కనున్న కార్బన్‌ను ఒక చేత్తో పట్టుకుంటే ఏకబంధం, రెండు చేతులతో పట్టుకుంటే ద్విబంధం, మూడింటితో పట్టుకుంటే త్రిబంధం. చేతులు ఇలా ఖర్చయినకొద్దీ హైడ్రోజన్‌ను పట్టుకొనే చేతులు తగ్గుతాయి. ఆరు కార్బన్ల వలయంలో అన్నీ ఏకబంధాలైతే హైడ్రోజన్లు 12. ఒక ద్విబంధం చేరితే 10. రెండు చేరితే 8.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించవలసిన ఘట్టం ఒకటి ఉంది. బొగ్గు తారులో బెంజీన్ ఉన్నదని 1845లో చూపించిన హోఫ్‌మన్ అనే రసాయనవేత్తే, 1866లో ఈ సమ్మేళనాలకు ఒక పద్ధతి ప్రకారం పేర్లు పెట్టాలని సూచించాడు. హైడ్రోజన్లు జతలు జతలుగా తగ్గుతూ పోయేకొద్దీ, పేరు చివరి అచ్చును రోమన్ వర్ణమాల వరుసలో మార్చుకుంటూ పోవాలన్నాడు: ఏ, ఇ, ఐ, ఓ, యూ. నాలుగు కార్బన్ల సమ్మేళనాలకు క్వార్టేన్, క్వార్టీన్, క్వార్టైన్, క్వార్టోన్, క్వార్ట్యూన్ అని వరుస. హల్లును కదలనీయకుండా అచ్చును మాత్రం మారుస్తూ పోవడాన్ని మనం ఏమంటామో రెండవ తరగతి పిల్లవాడు చెబుతాడు. అది గుణింతం. సమ్మేళనాల లోకానికి హోఫ్‌మన్ ఇవ్వబోయినది ఒక గుణింతమే. 1892లో జెనీవాలో సమావేశమైన యూరప్ రసాయనవేత్తలు ఆ వరుసలో మొదటి మూడింటిని ఉంచుకున్నారు: ఏకబంధాలకు ఏన్, ద్విబంధానికి ఈన్, త్రిబంధానికి ఐన్. ఓన్ తరువాత కీటోన్లకు పోయింది. యూన్ ఎవరికీ అక్కరలేకపోయింది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఆ పునాది మీదనే ఇప్పటి కట్టడాన్ని లేపింది.

కాబట్టి శాస్త్రీయ నామం ఒక శబ్దం అనుకోవడం పొరపాటు. అది ఒక సమాసం. సైక్లోహెక్సీన్ అన్న మాటలో సైక్లో వలయాన్ని, హెక్స్ ఆరు కార్బన్లను, ఈన్ ద్విబంధాన్ని చెబుతాయి. 3-మిథైల్‌సైక్లోహెక్స్-2-ఈన్-1-ఓల్ అన్నప్పుడు చివరి ఓల్ ప్రధానం. మిగిలినవన్నీ దానికి విశేషణాలు. ఉత్తరపద ప్రధానమైన తత్పురుషం ఇలాగే నడుస్తుంది. విశేషణం ముందు, విశేష్యం తరువాత అన్న తెలుగు క్రమమూ ఇదే. ఫ్రెంచివాడు ఆమ్లం అన్న మాటను ముందు పలికి ఏ ఆమ్లమో తరువాత చెప్పవలసి ఉండగా, తెలుగు విద్యార్థికి ఈ పేరు తన భాష నడిచే దిశలోనే నడుస్తుంది. ఇక సంధులూ ఉన్నాయి. అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం వస్తే ముందున్న పదం చివరి రోమన్ అచ్చు లోపిస్తుంది. హల్లుతో మొదలయ్యే డైఈన్ వస్తే మధ్య అకారం ఆగమంగా వచ్చి సైక్లోహెక్సాడైఈన్ అవుతుంది. లోపం, ఆగమం, ఆదేశం అన్న మాటలు తెలిసిన పిల్లవాడికి దీనిని వ్యాకరణంగా చెప్పవచ్చు. మన పుస్తకాలలో ఇది గుర్తుంచుకోవలసిన నిబంధనల పట్టికగా మాత్రమే కనబడుతుంది.

వలయానికి మొదలు లేదు, చివర లేదు. మరి లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? గుడి చుట్టూ ప్రదక్షిణకు ధ్వజస్తంభం గుర్తు అయినట్లు, సైక్లోహెక్సీన్‌లో ద్విబంధమే గుర్తు. ద్విబంధం ఉన్న రెండు కార్బన్లు 1, 2 అవుతాయి. అది అందరికీ తెలిసినదే గనుక పేరులో ఆ 1 పలకనవసరం లేదు. మిథైల్ గుంపు ద్విబంధం పక్కనే ఉన్న కార్బన్ మీద ఉంటే 3-మిథైల్‌సైక్లోహెక్సీన్. అటు తిరిగి లెక్కపెట్టి 6 అనడం తప్పు, ఎందుకంటే అంకె వీలైనంత చిన్నది కావాలి. అదే వలయంలోకి ఆల్కహాల్ గుంపు వస్తే ధ్వజస్తంభం మారిపోతుంది. ఓల్ ఉన్న కార్బన్ 1 అవుతుంది, ద్విబంధం తన స్థానాన్ని అంకెతో చెప్పుకోవలసి వస్తుంది. రెండు ద్విబంధాలుంటే సైక్లోహెక్సా-1,3-డైఈన్, సైక్లోహెక్సా-1,4-డైఈన్ వేర్వేరు పదార్థాలు. మూడుంటే సైక్లోహెక్సా-1,3,5-ట్రైఈన్ అనాలి, అంటే బెంజీన్ అనాలి. కాని అలా అనరు. బెంజీన్‌లో ఆరు బంధాలూ ఒకే పొడవు. అందులో విడిగా ద్విబంధం అంటూ లేదు. పద్ధతి ప్రకారం వచ్చే పేరు ఇక్కడ అబద్ధం చెబుతుంది. కనుక సంఘం సాంబ్రాణి పేరునే ఉంచుకుంది. నాఫ్తలీన్‌ను కూడా బైసైక్లో[4.4.0]డెకా-1,3,5,7,9-పెంటాఈన్ అని వర్ణించడం సాధ్యమే, పట్టుమని పదిమంది కూడా అనరు. పద్ధతికి గౌరవం ఇస్తూనే సంప్రదాయ నామాన్ని కాపాడిన ఈ విచక్షణ మన పరిభాషా నిర్మాతలలో అందరికీ ఉన్నదని చెప్పలేం.

ఈ మాట అంటున్నప్పుడు మొదట గుర్తుకు వచ్చేది డాక్టర్ రఘువీర. భిలాయి ఉన్న దుర్గ్ జిల్లా ఒకప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోది; ఆ రాష్ట్ర రాజధాని నాగపూరు. రఘువీర (1902–1963) తన పరిభాషా మహాయజ్ఞంలో ముఖ్యభాగాన్ని నడిపినది ఆ నాగపూరులోనే. కార్బన్‌కు ప్రాంగార, ఆక్సిజన్‌కు జారక, నైట్రోజన్‌కు భూయాతి అని ఆయన సృష్టించిన పేర్లు. బొగ్గుపులుసు వాయువు ప్రాంగార ద్విజారేయం అయింది. ఈ పేర్లను వెక్కిరించడం తేలిక. అరవై ఏళ్లుగా ఆ పని జరుగుతూనే ఉంది. కాని ఒక్క విషయంలో ఆయన తన విమర్శకులకంటె స్పష్టంగా చూశాడు: రసాయన నామం ఒక వ్యవస్థలో భాగం. ఒక ముక్కను అనువదించి మరో ముక్కను వదిలిపెడితే వ్యవస్థ కూలిపోతుంది. మూలకం పేరు నుంచి ప్రత్యయం దాకా అన్నీ ఒకే ధాతువుల నుంచి రావాలని ఆయన పట్టు. ఆ పట్టు సరైనది. ఎంచుకున్న ధాతువులే ఎవరి నోటికీ అందనివి. 1961లో ఏర్పడిన కేంద్ర శాస్త్ర సాంకేతిక శబ్దావళి సంఘం ఆ దారి విడిచి, మూలకాల పేర్లనూ సమ్మేళనాల పేర్లనూ అంతర్జాతీయ రూపంలోనే లిప్యంతరీకరణ చేయాలని నిర్ణయించింది.

తెలుగు దారి వేరు, కొంత అదృష్టవంతమైనది. కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి కాలం నాటికే ఉదజని, ఆమ్లజని, నత్రజని, కర్బనం వంటి మాటల అవసరం ఏర్పడింది. వీటిలో ఏది బతికింది, ఎందుకు బతికింది అన్నది గమనించదగినది. ఆమ్లజని పాత పుస్తకాలకు పరిమితమైంది. ఉదజని బాంబు వార్తలలో కొంతకాలం పేలింది. నత్రజని మాత్రం రైతు నోట నిలిచింది. ఎకరానికి ఎంత నత్రజని వేయాలో అడిగే రైతుకు నైట్రోజన్ అని చెప్పనక్కరలేదు. భిలాయి కోక్ ఓవెన్ల నుంచి వచ్చే అమ్మోనియం సల్ఫేట్ కూడా అతనికి నత్రజనే. మాటను నిలిపినది నిఘంటువు అనుకుంటే పొరపడినట్లే, పొలం నిలిపింది. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమి ఏర్పడి, కళాశాల స్థాయి పుస్తకాలు తెలుగులో వచ్చినప్పుడు ఒక మధ్యే మార్గం స్థిరపడింది. భావనలకు తెలుగు లేదా సంస్కృత పదాలు: ద్విబంధం, ప్రమేయ సమూహం, సమజాత శ్రేణి, ప్రతిక్షేపణ, అసంతృప్త హైడ్రోకార్బన్. పదార్థాలకు ఆంగ్ల నామాలే, తెలుగు లిపిలో. కర్బన రసాయన శాస్త్రం అన్న శీర్షిక కింద కార్బన్ పరమాణువు అని రాసే ఆ పుస్తకాలను చూసి నవ్వుకున్నవారున్నారు. నా దృష్టిలో ఆ మార్గం మంచిది. శీర్షికలో కర్బనం, పాఠంలో కార్బన్ ఉండడం వల్ల ఎవరికీ చదువు ఆగలేదు.

ఆగినది మరొకచోట. పదార్థాల పేర్లను లిప్యంతరీకరణ చేయాలన్నారే గాని, ఏ నియమం ప్రకారం చేయాలో ఎవరూ గట్టిగా చెప్పలేదు. రోమన్ లిపిలో ఈ పేర్లు కంటికోసం కట్టినవి. ఉచ్చారణ ఎలా మారినా అక్షరం మారదు. తెలుగు లిపి చెవికోసం కట్టినది, పలికినట్లే రాస్తుంది. కంటి వ్యవస్థను చెవి లిపిలో పెడితే ఏమవుతుందో చూడండి.

మొదటిది, వేర్వేరైనవి ఒకటైపోతాయి. సైక్లోహెక్సీన్‌లోని ఈన్ ద్విబంధాన్ని చెబుతుంది. అనిలీన్‌లోని ఈన్, పిరిడీన్‌లోని ఈన్ అది చెప్పవు. రోమన్‌లో వాటి వర్ణక్రమం వేరు, అవి నైట్రోజన్ ఉన్న క్షారాలకు గుర్తు. తెలుగులో చూస్తే మూడూ అన్నదమ్ములు. గ్లిసరీన్ అని దీర్ఘం ఇచ్చి రాస్తే, ఒక్క ద్విబంధమైనా లేని ఆ తియ్యని ద్రవం కూడా ఆ కుటుంబంలో చేరుతుంది. ఇంతకంటె ఇబ్బందికరమైనది ఇథనాల్. పెట్రోలులో కలిపే ఆల్కహాల్‌ను మన పత్రికలన్నీ ఇథనాల్ అంటాయి. దాని నుంచి రెండు హైడ్రోజన్లు తీసివేస్తే వచ్చే ఆల్డిహైడ్ పేరు కూడా తెలుగులో రాస్తే ఇథనాల్ అవుతుంది. రోమన్‌లో ఒక అచ్చు తేడా. తెలుగులో ఆ తేడా పూర్తిగా మాయం. ఓల్, ఆల్ అని రెండింటినీ వేరుగా రాయగల అచ్చులు మనకు లేవా? గుణింతమంతా చేతిలో ఉంచుకొని రెండింటికీ ఒకే అచ్చు వాడుతున్నాం.

రెండవది, ఒకటే అయినది వేర్వేరుగా కనిపిస్తుంది. హెక్సేన్‌కు ఓల్ చేరితే రోమన్‌లో మూలపదం ముఖం మారదు. తెలుగులో హెక్సేన్ కాస్తా హెక్సనోల్ అవుతుంది. ఏత్వం అకారంగా కుంగింది. హెక్సీన్ నుంచి వచ్చేది ఒకరి కలం కింద హెక్సినోల్, మరొకరి కలం కింద హెక్సెనోల్. ద్విబంధాన్ని మోస్తున్న ఈ అన్న దీర్ఘం ఎక్కడికి పోయిందో విద్యార్థికి తెలియదు. ఆంగ్ల మాధ్యమంలో చదివినవాడు కంటితో పట్టుకొనే సంబంధాన్ని తెలుగు మాధ్యమం విద్యార్థి కంఠస్థం చేయవలసి వస్తుంది. ఆ భారం విషయానిది కానే కాదు. వర్ణక్రమం మీద మన నిర్లక్ష్యానిది. ఇక అచ్చుతప్పు సంగతి చెప్పనక్కరలేదు. ఒక ఏత్వం బదులు గుడి దీర్ఘం పడితే రెండు హైడ్రోజన్లు మాయమవుతాయి. కవితలో అచ్చుతప్పు పాఠకుణ్ణి చికాకు పెడుతుంది, ఇక్కడ పదార్థమే మారిపోతుంది.

ఇవి పరీక్ష మార్కులకు సంబంధించిన సంగతులు మాత్రమే అనుకోవడానికి వీలులేదు. బెంజిన్, బెంజీన్ అన్న రెండు మాటలను తీసుకుందాం. మొదటిది పెట్రోలియం నుంచి తీసిన తేలిక ద్రావకం. రెండవది వలయ సమ్మేళనం. మనుషులలో రక్త క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మొదటి వర్గంలో చేర్చింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, కార్మికులలో కనిపిస్తే ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో బెంజీన్ వల్ల, దాని సమజాతుల వల్ల కలిగే విషప్రభావాన్ని పేర్కొన్నది. సమజాతులు అన్న ఆ ఒక్క మాటలో టోలీన్, జైలీన్ ఇమిడి ఉన్నాయి. చట్టం అమలు కావాలంటే ఎవరో ఒకరు ఆ మాటకు అర్థం తెలిసి చదవాలి. డ్రమ్ము మీద రాసిన పేరులో జి అన్న అక్షరానికి దీర్ఘం ఉందో లేదో చూసి మనిషి చేతి తొడుగు వేసుకోవలసిన చోట, హ్రస్వదీర్ఘాల చర్చ పండితుల కాలక్షేపం కాదు.

బెంజీన్‌కు ఎథిలీన్ చేర్చి ఇథైల్ బెంజీన్ చేస్తారు. దాని నుంచి రెండు హైడ్రోజన్లు తీస్తే వచ్చేది స్టైరీన్. ఈ పేరు తెలుగునాట అందరికీ ఒక్కరోజులో తెలిసింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి చుట్టుపక్కల ఇళ్లను కమ్మింది. పన్నెండుమంది మరణించారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రోజుల్లో మన పత్రికలలో స్టైరీన్ అనీ, స్టైరిన్ అనీ, మరికొన్ని రూపాలలోనూ ఆ పేరు కనిపించింది. ఏ రూపమైనా పాఠకుడికి అది ఒక భయంకరమైన శబ్దం మాత్రమే. శిలారసం నుంచి వచ్చిన ఆ పాత పేరు లోపల ఏముందో చెప్పదు. శాస్త్రీయ నామం చెబుతుంది: ఇథినైల్ బెంజీన్. బెంజీన్ వలయం, దానికి వేలాడుతున్న రెండు కార్బన్ల తోక, ఆ తోకలో ఒక ద్విబంధం. తోకలోని ద్విబంధానికి వలయంలోని బంధాలకున్న స్థిమితం లేదు. అదుపు తప్పితే అది విచ్చుకొని పక్క అణువు తోకను పట్టుకుంటుంది, అది మరోదాన్ని. ఒక్కొక్క కలయికకు వేడి పుడుతుంది, ఆ వేడి మరిన్ని కలయికలను రేపుతుంది. ఆ గొలుసు మొదలుకాకుండా ట్యాంకును చల్లగా ఉంచాలి, నిరోధకం కలపాలి. కరోనా లాక్‌డౌన్ వారాలలో నిలవ ఉన్న ట్యాంకులో జరిగినది ఇదే. నిరోధకం చాలలేదని, ఉష్ణోగ్రత పెరిగిపోయిందని విచారణ తేల్చింది.

ఇథైల్ బెంజీన్, ఇథినైల్ బెంజీన్. ఈ రెండు పేర్ల మధ్య తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరమే ద్విబంధం. ఆ అక్షరమే ఆ ట్యాంకులో పొంచి ఉన్న ప్రమాదం. దీనికి పక్కనే మరొకటి ఉంది: త్రిబంధం ఉన్న ఇథైనైల్. అజాగ్రత్తగా రాసేవారు దానిని కూడా ఇథినైల్ అనే రాస్తారు. పేరు చదివి ప్రమాదం ఊహించగలవాడు కర్మాగారపు గోడకు ఇటు కూడా, అంటే ఊళ్లో కూడా, ఉండాలంటే ఆ పేరు అతని లిపిలో తన అర్థాన్ని పోగొట్టుకోకూడదు.

పరిష్కారం రఘువీర దారిలో లేదు. సాంబ్రాణీన్ అని, షడ్వలయీనం అని కొత్త మాటలు పుట్టించి ప్రయోజనం లేదు. అవి భిలాయిలోనూ చెల్లవు, విశాఖలోనూ చెల్లవు. మూలపదాలు ఉన్నవి ఉన్నట్లే ఉండనిచ్చి, ప్రత్యయాలకు మాత్రం స్థిరమైన గుణింతం నిర్ణయించాలి. ఏన్, ఈన్, ఐన్, ఓల్, ఆల్, ఓన్: ఇవి ద్విబంధాన్నో ప్రమేయ సమూహాన్నో చెప్పినప్పుడు మాత్రమే ఈ రూపాల్లో రాయాలి. క్షారాలకు హ్రస్వం ఇచ్చి అనిలిన్, పిరిడిన్ అనాలి. అప్పుడు దీర్ఘం చూడగానే ద్విబంధం గుర్తుకు వస్తుంది. పెట్రోలులో కలిపేది ఇథనోల్ కావాలి. పత్రికలవారు ఒప్పుకోరనే మాట నిజమే. పాఠ్యపుస్తకాలైనా ఒప్పుకోవచ్చు గదా.

ఈ విషయంలో అంతర్జాతీయ సంఘమే మనకు తెలియకుండా సాయం చేసింది. 1993 సిఫారసులలో స్థానాంకాన్ని పేరు మొదట కాక, అది చెందిన ప్రత్యయానికి సరిగ్గా ముందు పెట్టాలన్నారు. 2-బ్యూటీన్ పోయి బ్యూట్-2-ఈన్ వచ్చింది. ఆంగ్లంలో ఇది చిన్న సర్దుబాటు. తెలుగుకు ఇది వరం. 2-హెక్సినోల్ అన్నప్పుడు హ్రస్వమై పోయిన ద్విబంధం, హెక్స్-2-ఈన్-1-ఓల్ అన్నప్పుడు తన పూర్తి దీర్ఘంతో విడిగా నిలబడుతుంది. గీతల మధ్య ప్రత్యయం ఒంటరిగా ఉంటుంది గనుక సంధి జరగదు, అచ్చు మారదు. తెలుగు పుస్తకాలు ఈ రూపాన్ని ఒక్కటే పాటిస్తే పైన చెప్పిన చిక్కులలో సగం వాటంతట అవే తీరుతాయి. చాలా పుస్తకాలలో రెండు రూపాలూ ఒకే పుటలో కలిసి ఉండడం చూస్తుంటాం. దానికంటె పాత రూపాన్నే నిలకడగా పాటించినా మేలు.

వ్యవస్థ కూడా మారుతూ ఉంటుందన్నది మరొక సంగతి. 2013 సిఫారసులు రెండు పాత అలవాట్లను తిరగేశాయి. వలయం, గొలుసు రెండూ ఉన్న హైడ్రోకార్బన్‌లో గొలుసు ఎంత పొడవైనా వలయానిదే పెద్దరికం. 1-ఫినైల్‌హెప్టేన్ అని చదువుకున్నది ఇప్పుడు హెప్టైల్‌బెంజీన్. గొలుసును ఎంచుకొనేటప్పుడు ద్విబంధం ఉన్న గొలుసుకు ఇదివరకు ఉన్న ప్రాధాన్యం పోయి, పొడవైన గొలుసుకు వచ్చింది. పాత పుస్తకంలో 2-ఇథైల్‌పెంట్-1-ఈన్ అని ఉన్న పదార్థం ఇప్పుడు 3-మిథిలిడీన్‌హెక్సేన్. చివరనున్న ఈన్ పోయి ఏన్ వచ్చింది. ద్విబంధం అణువులో ఉన్నచోటనే ఉండి, పేరులో మాత్రం మధ్యకు జరిగింది. తెలుగు పాఠ్యగ్రంథాల తదుపరి ముద్రణలలో ఈ రెండు పేర్లనూ పక్కపక్కన, ఏది ఏ సంవత్సరపు నియమమో తెలిపి, ఇవ్వడం అవసరం.